ముందు ఎడమ కాలు

మే 26, సోమవారం

పియానో కదలాలి. జూన్ పదిహేను లోపల బెజవాడ చేరాలి. నేను చూసుకుంటాను అన్నాను.

హాసిని నమ్మకం లేనట్టు చూసింది. "రెండొందల ఎనభై కిలోలు అత్తయ్యా," అంది. అంటే పద్నాలుగు ట్రేల మామిడికాయలు. అంత మాత్రం బరువుకి భయపడే మనిషిని కాను. మూడొందల అడుగుల బోరులోంచి మోటారు లాగించాను. మా షెడ్డు పక్కన ట్రాన్స్‌ఫార్మర్ దించుతున్నప్పుడు తాడు ఎక్కడ కట్టాలో కరెంటు వాళ్ళకి చెప్పింది నేనే. ఇరవై రెండేళ్ళుగా ఈ ప్యాకింగ్ షెడ్డు నడుపుతున్నాను. నా చేతి మీదుగా వెళ్ళిన కాయ దారిలో నలిగిందన్న మాట ముసునూరులో ఎవరూ అనలేదు.

బెజవాడలో ఒక మ్యూజిక్ స్కూలు వాళ్ళు కోడలికి ఉద్యోగం ఇచ్చారు. పన్నెండో తారీఖు నుంచి క్లాసులు. వాళ్ళ దగ్గర కీబోర్డులే ఉన్నాయట. పరీక్షలకు కూర్చునే పిల్లలకు నిజమైన పియానో కావాలి, మీది తెచ్చుకునేట్టయితేనే ఈ పోస్టు అన్నారట. ఆ పియానో హాసినికి సంగీతం నేర్పిన టీచరమ్మ చనిపోయే ముందు ఇచ్చింది. నాలుగేళ్ళ క్రితం పెళ్ళయి వచ్చినప్పుడు పిల్ల వెనకే అదీ మా హాల్లోకి వచ్చింది. పెళ్ళి హడావిడిలో దాన్ని ఎలా దించారో నేను చూడలేదు.

ఉద్యోగం మంచిదే. మా అబ్బాయి అభిరామ్‌కి హైదరాబాద్‌లో ప్రాజెక్టు అయ్యేదాకా ఈ పిల్ల ఇంట్లో ఊరికే కూర్చుని ఏం చేస్తుంది. వాడు వచ్చాక ఎక్కడుండాలో వాళ్ళిద్దరే చూసుకుంటారు.

గుమ్మం కొలిచాను. మూడున్నర అడుగులు. మూడు కాళ్ళ మీద బల్లలా పరుచుకున్న గ్రాండ్ పియానో, ఐదడుగుల వెడల్పు. ఇప్పుడున్నట్టుగా వెళ్ళదు. ఎలా వెళ్తుందో ఆలోచించాలి. ఆలోచిస్తే తేలనిది ఉండదు.

మే 27, మంగళవారం

ఇన్నయ్యతో మాట్లాడాను. మా షెడ్డులో లోడ్లు ఎత్తే ముఠాకి మేస్త్రీ. గురువారం ఖాళీయేనమ్మగారూ, వచ్చేస్తాం అన్నాడు. ముందు కలెక్టర్ రకం మామిడికాయల లోడ్ల సంగతి చూడు, పియానో ఎక్కడికీ పారిపోదు అన్నాను.

మే 29, గురువారం

ముఠా ఎప్పుడొస్తుందని హాసిని అడిగింది. జూన్ నాలుగు దాకా తీరిక లేదని చెప్పాను. సీజన్ చివర. తీరిక ఎక్కడిది.

ఇవాళ వెళ్ళింది ఒక్కటే లోడు.

మే 31, శనివారం

జోజిబాబు గారు వచ్చారు. పియానోలు శ్రుతి చేయడం ఆయన పని. అరవై దాటిన సన్నటి మనిషి, చొక్కా జేబులో టార్చిలైటు. హాసిని పిలిపించింది. ఈయన ఎత్తేదేముంది అనుకున్నాను గానీ, మనిషికి తన పని తెలుసు.

"ఎనిమిది మంది తలా ఒక చెయ్యి వేసి పల్లకీలా మోసుకెళ్తే పోలా?" అని అడిగాను.

"మోయొచ్చమ్మా. ఎక్కడో ఒకచోట దించాలి కదా. దించేటప్పుడు ఏ కాలు ముందు నేలకి తగులుతుందో అది విరుగుతుంది."

పియానో కాళ్ళు బరువును నిలబెట్టడానికేనట, పక్కకి తోస్తే ఆగవట. అందుకని ఒక్క అడుగు కూడా నేల మీద ఈడ్వకూడదు. ఆయన కింద వెల్లకిలా పడుకుని టార్చి వేసి చూపిస్తే, ఇన్నయ్య, నేను వంగి చూశాం. ఈ వయసులో వంగలేనని చెప్పడం నాకిష్టం లేదు. లోపల పోత ఇనుము చట్రం ఉంటుందట, బరువంతా అదే. దాన్ని రెండొందల తీగలు ఇరవై టన్నుల బలంతో లాగుతూ ఉంటాయట. మా హాల్లో నాలుగేళ్ళుగా అంత లాగుడు నడుస్తోందని నాకు తెలియదు.

వరస చెప్పారు. వేళ్ళతో వాయించే మెట్ల మీది మూత వేసి తాళం వెయ్యాలి. పెద్ద మూత విప్పి విడిగా పెట్టుకోవాలి. కింద పెడల్స్ వేలాడే చట్రం తీసెయ్యాలి. అప్పుడు కాళ్ళు. వాయించే మనిషికి ఎడమచేతి వైపున్న కాలు ముందు తీసి, ఆ మూలని దుప్పట్లు చుట్టిన పలక మీదకి దించాలి. ఆ పక్క అంచు తిన్నగా ఉంటుంది, వంపు ఉండదు. కుడివైపు నుంచి ఎత్తుకుంటూ వస్తే ఆ తిన్నని అంచు మీద పియానో గోడలా నిలబడుతుంది. మిగిలిన రెండు కాళ్ళూ అప్పుడు విప్పుకోవచ్చు. నిలబడ్డాక మందం రెండడుగులు కూడా ఉండదు, గుమ్మం సునాయాసంగా దాటుతుంది.

"ముందు ఎడమ కాలా?" అన్నాడు ఇన్నయ్య.

"లోపలికి వచ్చేటప్పుడు కుడికాలు. బయటికి వెళ్ళేటప్పుడు అడిగేవాళ్ళు ఎవరున్నారు," అని ఆయన నవ్వారు. హాసిని నవ్వలేదు.

ఆయన మళ్ళీ చెప్పారు. "ప్రమాదమంతా ఒక్క క్షణమేనమ్మా. లేపుతుంటే లేపుతుంటే ఒక దగ్గర బరువు మీ చేతుల్లోంచి జారి అవతలి వైపుకి పోతుంది. ఎత్తేవాళ్ళు తేలికైందనుకుని చేతులు వదిలేస్తారు. అవతల ఆపేవాళ్ళు లేకపోతే ఇక అంతే. ఎత్తడానికి ఇద్దరు చాలు. ఆపడానికి ముగ్గుర్ని పెట్టండి."

నేనో మాట చెప్పాను. ఆ ఎడమ మూలని మనుషుల చేతుల మీద ఎందుకు దించాలి? బోరు మోటార్లు లాగే మూడుకాళ్ళ స్టాండూ చైన్ పుల్లీ మా దగ్గర ఉన్నాయి. మూల కింద బెల్టు వేసి గొలుసుకి తగిలిస్తే అంగుళం అంగుళం దిగుతుంది, ఎవరి చెయ్యీ వణకదు. ఆయన కాసేపు ఆలోచించి, "నలభై ఏళ్ళలో నాకీమాట ఎవరూ చెప్పలేదు," అన్నారు. చెప్పరు మరి. వాళ్ళు బోర్లు వేయించి ఉండరు.

"ఎప్పుడు పెట్టుకుందాం?" అని అడిగారు.

"ఒక వాన పడనివ్వండి," అన్నాను.

"వాన పడితే ఇబ్బంది కదమ్మా. ముందే చేసుకోవాలి."

"ఎండకి తారు మెత్తబడి ఉంది. వ్యాను కుదుపులు పడుతుంది," అన్నాను.

హాసిని నావంక చూసింది. జోజిబాబు గారు టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నారు.

జూన్ 2, సోమవారం

అభిరామ్ తనంతట తనే ఫోన్ చేశాడు. ఇరవై రోజులైంది గొంతు విని.

"అమ్మా, పియానో బయటికి పంపిస్తున్నారంట. నేను చెప్పేదాకా కదిలించొద్దు," అన్నాడు. ఏదో మీటింగ్ ఉందని పెట్టేశాడు.

నేను అనుకుంటూనే ఉన్నాను. పియానో ఉండాలంటున్నాడంటే వాయించే మనిషి కూడా ఉండాలనేగా. మగపిల్లలు మనసులో మాట సూటిగా చెప్పరు. మా ఆయనకి చెప్పాను. ఆయన టీవీలో వార్తలు చూస్తూ ఏమీ అనలేదు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆయన ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టే.

జూన్ 4, బుధవారం

మబ్బు పట్టింది. పియానోకి తేమ పనికిరాదు.

జూన్ 5, గురువారం

వాన పడలేదు.

జూన్ 6, శుక్రవారం

ఇవాళా పడలేదు. పడొచ్చు.

స్కూలు వాళ్ళు హాసినికి ఫోన్ చేశారట. పదిహేనుకల్లా పియానో రాకపోతే వేరే టీచరుని చూసుకుంటామన్నారట. ఉత్త బెదిరింపులు. సీజన్లో నన్ను రోజుకి నలుగురు ఇలాగే బెదిరిస్తారు, మర్నాడు వాళ్ళే వచ్చి కాయలు పట్టుకెళ్తారు.

జూన్ 8, ఆదివారం

భోజనాల దగ్గర హాసిని అడిగింది. "ఇన్నయ్య గారు ఎప్పుడొస్తారు అత్తయ్యా? నాలుగన్నారు. ఇవాళ ఎనిమిది."

"రెడ్డిగూడెం తోటలో ఉన్నారమ్మా. అక్కడ కోత సాగుతోంది," అన్నాను.

ఆయన పెరుగు కలుపుకుంటున్నారు. తల ఎత్తకుండానే, "ఇన్నయ్య ముఠా మూడ్రోజుల నుంచి మన షెడ్డులోనే పేకాడుకుంటున్నారు," అన్నారు.

తెలిసే అన్నారో తెలియక అన్నారో ఆ మొహం చూసి ఎవరూ చెప్పలేరు.

హాసిని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. నెమ్మదిగా లేచింది.

"మీరు కూడానా అత్తయ్యా," అంది. అంతే. చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళిపోయింది.

నేను భోజనం పూర్తిచేశాను. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఇంటి మంచి కోసం ఒక పని నాలుగు రోజులు ఆపితే దాన్ని అబద్ధం అనరు.

కూడానా అంటే? ఇంకెవరు?

జూన్ 9, సోమవారం

పొద్దున్నే అభిరామ్‌కి నేనే ఫోన్ చేశాను. "నువ్వొచ్చి నీ భార్యని తీసుకెళ్ళు. పియానో సంగతి తర్వాత చూద్దాం," అన్నాను.

అటు తలుపు వేసుకున్న చప్పుడైంది.

"అమ్మా, నేను చెప్పింది అది కాదు. తన ఇష్టంతోనే ఇల్లు వదిలి వెళ్ళానని రాసి సంతకం పెట్టమని లాయరు చేత కాగితం పంపించాను. పెట్టట్లేదు. పియానో అక్కడే ఆగిపోతే పెడుతుంది. దానికోసమైనా పెడుతుంది."

"తను ఎక్కడికి వెళ్ళిందిరా? ఇక్కడే ఉందిగా."

"అలా రాస్తే విడాకులు త్వరగా తేలతాయి."

"వదిలింది నువ్వు కదా."

"అవన్నీ నీకు తెలియదులే అమ్మా."

నాకు తెలుసు.

ఫిబ్రవరిలో ఆవకాయ జాడీ పట్టుకుని, చెప్పకుండా వాడి ఫ్లాటుకి వెళ్ళాను. తలుపు తీసింది ఒక అమ్మాయి. తలంటు పోసుకుని జుట్టుకి టవలు చుట్టుకుంది. "ఆఫీసులో కలీగ్ అమ్మా, వాళ్ళింట్లో నీళ్ళు రాలేదు," అన్నాడు అభి. సరే అన్నాను. ఏ డబ్బాలో పంచదార ఉందో ఆ అమ్మాయికి వెతక్కుండానే తెలుసు. ఆ అమ్మాయి ఇచ్చిన కాఫీ తాగాను. బాగుందమ్మా అన్నాను కూడా. ఇంటికొచ్చి హాసినికి, "పనిలో పడి చిక్కిపోయాడు పాపం," అని చెప్పాను.

ఈ డైరీలోనే ఫిబ్రవరి తొమ్మిది పేజీ తీసి చూశాను. 'హైదరాబాద్ వెళ్ళి వచ్చాను. అప్పుడే ఎండలు మొదలయ్యాయి.' అంతే ఉంది. నా డైరీలో నాకు కూడా చెప్పుకోలేదు.

పియానోని ఆపింది వాన కాదు, తారు కాదు, కలెక్టర్ కాయలు కాదు. అది గుమ్మం దాటితే నా కొడుకు కాపురం అయిపోయినట్టేనని నేను ఆపాను. అది ఎప్పుడో అయిపోయింది. ఇన్నాళ్ళూ తెలియకుండా వాడి పనే నేను చేసిపెడుతున్నాను.

ఇన్నయ్యకి కబురు పంపాను. బుధవారం, ఎనిమిది గంటలకి.

జూన్ 10, మంగళవారం

హాల్లో హాసిని పియానో తుడుస్తోంది. ఆదివారం నుంచి నాతో మాటల్లేవు. వెళ్ళి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను.

"ముఠా ఖాళీగానే ఉంది. మొదటి నుంచీ ఖాళీయే. నేనే రావద్దన్నాను," అన్నాను.

"తెలిసిందిగా."

"ఇంకోటి ఉంది. ఫిబ్రవరిలో హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఆ అమ్మాయిని చూశాను. వాడి ఇంట్లోనే ఉంటోంది."

తుడిచే చెయ్యి ఆగింది. "అప్పుడు నాతో ఆయన చిక్కిపోయారని చెప్పారు."

"చెప్పాను."

"నేను ఆ నెలంతా ఆయనకి రోజూ ఫోన్ చేశాను అత్తయ్యా. తిన్నారా, తిన్నారా అని. చిక్కిపోయారన్నారుగా మీరు." గొంతు పెంచలేదు. "నాకు తెలిసింది ఏప్రిల్లో. అది కూడా లాయరు కాగితం వస్తే. మీకు తెలియదు కదా, తెలిస్తే తట్టుకోలేరని నేను దాచాను."

కుర్చీలోంచి లేచాను.

"రేపు ఎనిమిదింటికి పియానో లేపుతున్నాం. జోజిబాబు గారు మొదటి బస్సుకి వస్తున్నారు," అన్నాను.

"రేపు ఇంకో కారణం దొరకదు కదా?"

"దొరకదు."

మధ్యాహ్నం అభిరామ్‌కి కూడా ఫోన్ చేసి చెప్పాను. దొంగతనంగా చేసే పని కాదు ఇది. "అమ్మా, నువ్వు నా తల్లివి," అన్నాడు. అవునన్నాను. అందులో అనుమానం ఏముంది.

జూన్ 11, బుధవారం

బెజవాడ నుంచి ఇప్పుడే వచ్చాం. సాయంత్రం ఆరు. ఒళ్ళంతా నొప్పులు. అయినా ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

పొద్దున ఏడున్నరకే మూత విప్పి మంచం మీద పరిచాం. పెడల్స్ చట్రం ఊడింది. విప్పిన మర మేకులన్నీ ఒక డబ్బాలో వేసి హాసినికి ఇచ్చాను. పలకకి ఐదు దుప్పట్లు చుట్టి, పైన షెడ్డులోని ఫోమ్ షీటు కట్టించాను. ఇన్నయ్య ఫ్యాను కొక్కేనికి చైన్ తగిలిద్దామా అన్నాడు. ఫ్యాను మోసే కొక్కెం ఫ్యానునే మొయ్యాలి, స్టాండు తెమ్మన్నాను. స్టాండు మూడుకాళ్ళ కింద గోనెలు వేసి, ఎడమ మూల కింద వెడల్పాటి బెల్టు పోనిచ్చి, కొక్కెం తగిలించాం. గొలుసు రెండు లాగులు లాగగానే పియానో ఆ మూల వెంట్రుకవాసి లేచింది. జోజిబాబు గారు కాలి మర విప్పి, చెక్కసుత్తితో చిన్నగా కొట్టారు. ఎడమ కాలు ఊడి ఆయన చేతిలోకి వచ్చింది.

గొలుసు నేనే పట్టుకున్నాను. ఇన్నయ్య ఇమ్మన్నాడు, ఇవ్వలేదు. అంగుళం అంగుళం దించాను. మూల పలక మీద కూర్చున్నప్పుడు చప్పుడే లేదు.

స్టాండు పక్కకి తీశాక లేపడం. కుడివైపు ఎత్తడానికి ముఠాలో ఇద్దరు. ఎడమవైపు ఆపడానికి ఇన్నయ్య, ఇంకో ఇద్దరు. పలక జారకుండా జోజిబాబు గారు చెక్కముక్క అడ్డం పెట్టి కూర్చున్నారు. హాసిని దుప్పటి సర్దుతోంది. ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు ఆగాలో నేను చెప్తున్నాను. "నెమ్మది. ఇంకొంచెం. ఆగండి. ఊపిరి పీల్చుకోండి. ఊఁ, ఇంకొంచెం."

సగం పైకి లేచింది. సరిగ్గా అప్పుడు గుమ్మంలో అభిరామ్.

తెల్లవారుజామున మూడింటికి బయల్దేరాడట. కారు తలుపు కూడా వెయ్యలేదు. "ఆపండి. ఇన్నయ్యా, మీ వాళ్ళని వదిలెయ్యమను," అన్నాడు.

ఇన్నయ్య కదల్లేదు. కానీ ఆపేవాళ్ళలో చివరనున్నవాడు మొన్ననే పనిలోకి వచ్చిన మనిషి. షెడ్డు వాళ్ళబ్బాయి చెప్పాడని చెయ్యి తీసి ఒక అడుగు వెనక్కి వేశాడు. పియానో అప్పటికే బరువు మార్చుకుంటోంది. అటు వాలడం నాకు కనిపించింది. లోపల తీగలన్నీ ఒక్కసారి మూలిగాయి.

"వదలొద్దు. ఎవరూ వదలొద్దు," అన్నాను. అది నా గొంతేనా అనిపించింది. "అభీ, నువ్వే దగ్గరున్నావు. చెయ్యి వెయ్యి."

వాడు చెయ్యి వెయ్యలేదు. వేస్తే పంపించినట్టు, వెయ్యకపోతే పగలగొట్టినట్టు. ఏదీ చెయ్యలేక నిలబడిపోయాడు.

"జరుగురా," అన్నారు ఎవరో. మా ఆయన. పొద్దుట్నుంచి అరుగు మీద పేపరు చదువుతున్న మనిషి ఎప్పుడు లేచారో తెలియదు. వాణ్ణి భుజంతో పక్కకి నెట్టి, పంచె ఎగ్గట్టి, రెండు అరచేతులూ పియానోకి ఆనించి నిలబడ్డారు. అరవై రెండేళ్ళ మనిషి, మెడ మీద నరాలు తేలాయి. హాసిని కూడా పరుగెత్తి ఆయన పక్కన చేతులు ఆనించింది. ఇన్నయ్య, "దశరథరామయ్య గారూ, మీరు ఆపండంతే, తొయ్యొద్దు," అన్నాడు. తోయకుండా ఆపారు. వాలడం ఆగింది.

"ఊఁ," అన్నాను.

పియానో గోడలా తిన్నగా నిలబడింది.

జోజిబాబు గారు మిగిలిన రెండు కాళ్ళూ విప్పి దుప్పట్లో చుట్టారు. బెల్టులు బిగించారు. పలకతో సహా లేపి నాలుగు చక్రాల చెక్క మీద పెట్టారు. గుమ్మం దగ్గర అభిరామ్ తనే పక్కకి తప్పుకున్నాడు. వాకిలి మెట్ల మీద వాలుగా వేసిన బల్లల మీదుగా, పైనుంచి తాడు వదులుతూ, వ్యానులోకి ఎక్కించాం. రెండువైపులా మామిడి ట్రేలు పేర్చి, మధ్య గడ్డి కూరించాను. అది నా పని, ఎవరూ చెప్పక్కర్లేదు.

"నాన్నా, మీరైనా అమ్మకి చెప్పాల్సింది," అన్నాడు అభిరామ్.

"ఏం చెప్పాలి?" అన్నారాయన. నిజంగానే అడుగుతున్నట్టు అడిగారు.

అప్పుడు వాడు హాసిని వైపు తిరిగాడు. "సంతకం పెట్టలేదు నువ్వు."

"నిజం రాసి తీసుకురండి. ఆ రోజే పెడతాను," అంది హాసిని. మర మేకుల డబ్బా పట్టుకుని వ్యాను ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

నేను వాడి దగ్గరికి వెళ్ళాను. మూడింటి నుంచి కారు నడిపిన కళ్ళు. నా కొడుకే. "అన్నం వండి ఉంది. తిని, కాసేపు పడుకుని బయల్దేరు. మేం బెజవాడ వెళ్ళొస్తాం," అన్నాను.

అగిరిపల్లి మీదుగా గంటకి ముప్ఫై దాటకుండా పోనిచ్చాం. స్కూలు కింది అంతస్తులోనే. అక్కడ అంతా తిరగేసి చేశాం. ముందు రెండు కాళ్ళు, తర్వాత నెమ్మదిగా వాల్చడం, ఎడమ కాలు ఆఖరున. హాసిని మూత తెరిచి ఒక్క మెట్టు నొక్కింది. మోగింది. జోజిబాబు గారు ఇక చాలన్నారు. కొత్తచోటి గాలికి రెండు వారాలు అలవాటు పడ్డాకే శ్రుతి చెయ్యాలట.

ఇంటికొచ్చేసరికి కారు లేదు. అభిరామ్ అన్నం తినే వెళ్ళాడు. కంచం కడిగి బోర్లించి ఉంది.

జూన్ 12, గురువారం

హాసిని మొదటి బస్సుకి వెళ్ళింది. ఆదివారం బట్టలు సర్దుకుని హాస్టలుకి మారుతుందట. సరే అన్నాను.

జూన్ 16, సోమవారం

నూజివీడులో లాయరు గారి ఆఫీసుకి వెళ్ళాం. హాసిని పెట్టుకున్న లాయరు, చిన్నావిడే. రమ్మని ఎవరూ పిలవలేదు, నేనే వెళ్తానన్నాను. ఆయన కూడా చొక్కా మార్చుకుని వచ్చారు.

జరిగింది జరిగినట్టు చెప్పాను. నాలుగేళ్ళలో హాసిని ఈ ఇల్లు వదిలి వెళ్ళలేదు. ఉద్యోగానికి వెళ్తుంటే సామాను ఎక్కించి పంపింది మేము. ఫిబ్రవరి తొమ్మిదిన హైదరాబాద్‌లో ఫలానా ఇంట్లో ఫలానాది చూశాను.

"ఇది మీ అబ్బాయికి వ్యతిరేకంగా వెళ్తుందండి. కోర్టులో కూడా చెప్పాల్సి రావచ్చు. ఇంటికెళ్ళి ఆలోచించుకుని రండి కావాలంటే," అంది లాయరమ్మ.

"ఆలోచించడానికి నాలుగు నెలలు తీసుకున్నానమ్మా. రాయండి," అన్నాను.

రాసింది చదివి వినిపించింది. ఒకచోట 'అత్తగారికి ఏమీ తెలియదు' అని పడింది. అది కొట్టించి 'తెలిసి చెప్పలేదు' అని రాయించాను. ఆయన నావంక చూశారు. సంతకం పెట్టాను. ఆయనా పెట్టారు.

అభిరామ్‌కి ఫోన్ చేసి ఏం రాసిచ్చామో మొత్తం చెప్పాను. విన్నాడు. పెట్టేశాడు. మళ్ళీ చేస్తాడు. ఎప్పుడో తెలియదు. వానలాగా చెప్పలేం.

జూన్ 28, శనివారం

ఇవాళ జోజిబాబు గారు పియానో శ్రుతి చేస్తున్నారని తెలిసి నేనూ ఆయనా బెజవాడ వెళ్ళాం. పెద్ద రసాలు చివరి కాపు, ఒక అట్టపెట్టె పట్టుకెళ్ళాను. స్కూల్లో టీచర్లందరికీ సరిపోయాయి.

శ్రుతి చేయడం అంటే పాట వస్తుందని మా ఆయన అనుకున్నారు. జోజిబాబు గారు రెండున్నర గంటలు ఒక్కొక్క మెట్టే టంగ్ టంగ్ మని కొట్టారు. ఈయన కుర్చీలో కునుకు తీశారు. నేను మేలుకునే ఉన్నాను. ఒక్క తీగా తెగలేదు. నా ప్యాకింగ్.

తర్వాత హాసిని నన్ను వరండాలోకి తీసుకెళ్ళింది. రెండు టీలు తెచ్చింది. కాస్త ఒళ్ళు చేసింది, మంచిదే.

"అత్తయ్యా, లాయరు గారు మీరు రాసిచ్చింది చూపించారు. అలా రాయించాల్సిన అవసరం లేదు మీకు."

"ఉంది."

టీ గ్లాసు రెండు చేతుల మధ్యా తిప్పింది. "మీమీద నాకు కోపం పోలేదు. పియానో సంగతి కాదు. ఫిబ్రవరి సంగతి. పోయిందని చెప్తే అది నేను మీకు చెప్పే అబద్ధం అవుతుంది. టైం పడుతుంది."

"పట్టనీ," అన్నాను.

"మళ్ళీ పిలవడం మాత్రం అత్తయ్యా అనే వస్తోంది. ఏం చెయ్యను."

"ఇంకేమని పిలుస్తావు? పుష్పవతీ అంటావా?"

అప్పుడు నవ్వింది. చాలా రోజులైంది ఆ నవ్వు చూసి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టీ వేడిగా ఉందన్నాను.

లోపల పిల్లలు వచ్చారు. క్లాసు టైమైంది. గుమ్మం దగ్గర ఆగి, "వచ్చే ఆదివారం వస్తావా?" అని అడిగాను.

"చూస్తాను అత్తయ్యా."

"చూడు."

వస్తుంది. రాకపోతే మేమే వెళ్తాం. బస్సు గంటకొకటి ఉంది.